మాటలు రాని బిడ్డ, థెరపిస్ట్ లేని ఊరు: ఎక్కడ వెతకాలి, ఏం అడగాలి

మా అక్క కొడుక్కి మూడేళ్లు నిండినా "అమ్మీ", "పానీ", "దే" తప్ప నాలుగో మాట లేదు. వాళ్ల దాదీ ఏమో "వీళ్ల అబ్బా కూడా లేటుగానే మాట్లాడాడు, బిస్మిల్లా అయ్యాక అన్నీ వస్తాయి" అనేది. మన ఇళ్లల్లో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకి బిస్మిల్లా చేయించడం ఆనవాయితీ కదా, అప్పటిదాకా చూద్దాం అన్నారు. చూశాం. బిస్మిల్లా అయింది, మిఠాయిలు పంచాం, మాటలు మాత్రం రాలేదు. అప్పుడు వెతకడం మొదలుపెడితే మా ఊళ్లో స్పీచ్ థెరపిస్ట్ అనే మనిషే లేరు. బోర్డు కనపడిన ఒక్క చోటికి వెళ్తే అది వినికిడి మిషన్లు అమ్మే షాపు. చివరికి జిల్లా కేంద్రంలో పరీక్ష చేయిస్తే తేలింది ఏంటంటే, వాడికి రెండు చెవులూ సరిగా వినపడటం లేదు. మేమంతా మొండివాడు అనుకున్న పిల్లాడు, పాపం వినపడక పలకలేదు.

ఇప్పుడు మిషన్ పెట్టుకున్నాడు, మాటలు వస్తున్నాయి. కానీ పోయిన రెండేళ్లు పోయినట్టే. మా ఇంట్లో పోగొట్టుకున్న టైమ్ ఇంకో ఇంట్లో పోకూడదని, తిరిగి తిరిగి తెలుసుకున్నవన్నీ ఒక్క చోట రాస్తున్నాను. అవసరం లేనివాళ్లు కూడా దాచిపెట్టుకోండి. మీ మొహల్లాలో ఎవరో ఒకరికి పనికొస్తుంది.

అసలు వీళ్లు ఎవరు?

ఆసుపత్రి కాగితాల్లో "స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్ట్" అని రాస్తారు, జనం స్పీచ్ థెరపిస్ట్ అంటారు. వినికిడి పరీక్షించేవాళ్లు ఆడియాలజిస్టులు. మన దేశంలో డిగ్రీ స్థాయిలో ఈ రెండూ ఒకే కోర్సుగా చదువుతారు, దాని పేరు బీఏఎస్ఎల్‌పీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఆ తర్వాత పీజీ చేసేవాళ్లూ ఉంటారు. ఈఎన్‌టీ డాక్టర్ వేరు, వీళ్లు వేరు. ఈఎన్‌టీ డాక్టర్ చెవి, ముక్కు, గొంతుల జబ్బు చూస్తారు, ఆపరేషన్ చేస్తారు. మాట నేర్పించే పని థెరపిస్ట్‌ది.

మాటలు లేటుగా రావడం, నత్తి, ఉచ్చారణ తేడాలు, గ్రహణం మొర్రి ఆపరేషన్ తర్వాత ముక్కుతో మాట్లాడటం, ఆటిజం, పక్షవాతం తర్వాత మాట పడిపోవడం, గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, ఇవన్నీ వీళ్ల దగ్గరికి వెళ్లాల్సిన విషయాలే.

ఎప్పుడు ఇంక ఆగకూడదు?

పిల్లలందరూ ఒకే రోజున మాట్లాడరు, నిజమే. కానీ కొన్ని గీతలు ఉన్నాయి, అవి దాటితే ఆగకూడదు.

ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరిగి చూడకపోతే, "బ బ", "ద ద" లాంటి శబ్దాలు చేయకపోతే, వేలితో చూపించకపోతే చూపించండి. ఒకటిన్నర ఏడాదికి ఒక్క మాట కూడా లేకపోతే చూపించండి. రెండేళ్లకి "పానీ దో", "అమ్మా రా" లాంటి రెండు మాటల కలయిక తనంతట తాను అనకపోతే చూపించండి. మూడేళ్లకి ఇంట్లోవాళ్లకి తప్ప బయటివాళ్లకి చాలావరకు అర్థం కాకపోతే చూపించండి. వచ్చిన మాటలు పోతే మాత్రం వయసు ఎంతైనా సరే, అదే వారం డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నత్తి సంగతి కొంచెం వేరు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య చాలామంది పిల్లలు మాట మొదట్లో తడబడతారు, ఎక్కువ మందికి దానంతట అదే తగ్గుతుంది. ఆరు నెలలు దాటినా తగ్గకపోయినా, కుటుంబంలో ఇంకెవరికైనా నత్తి ఉన్నా, పిల్లాడు మాట్లాడటానికి భయపడుతున్నా థెరపిస్ట్‌కి చూపించాలి. "ఆగి చెప్పు, మెల్లగా చెప్పు" అని అందరి ముందూ ఆపకండి. వాడు చెప్పేది పూర్తయ్యేదాకా వినండి, అంతే.

నాలుక కింద పొర కోయించమనీ, నాలుక మీద వస రుద్దమనీ, తావీజు కట్టమనీ చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నాలుక పొర వల్ల కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు గానీ, అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కావడం అరుదు. దువా ఎలాగూ చేస్తాం. దాని పేరు చెప్పి పరీక్ష వాయిదా వేయొద్దు, మా ఇంట్లో జరిగింది అదే.

మొదట చెవి, ఆ తర్వాతే నోరు

మాటల సమస్య ఏదైనా మొదటి పరీక్ష వినికిడిదే. "తలుపు చప్పుడుకి తిరుగుతాడు, వినపడుతుంది" అని మేమూ అనుకున్నాం. పెద్ద చప్పుడు వినపడి, మాటలోని సన్నని శబ్దాలు వినపడని పిల్లలు ఉంటారు. పుట్టిన బిడ్డకి ఓఏఈ అనే చిన్న పరీక్ష చేస్తారు, నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. అందులో తేడా ఉంటే బెరా పరీక్ష. బెరాకి పిల్లలు నిద్రలో ఉండాలి. అందుకే వెళ్లే ముందు రాత్రి లేటుగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, దారిలో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్లండి. లేకపోతే ఒక ప్రయాణం వృథా.

డాక్టర్లు పాటించే లెక్క ఒకటుంది: మొదటి నెలలో స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. కాన్పు తర్వాత బిడ్డ ఐసీయూలో ఉన్నా, కామెర్లు ఎక్కువగా వచ్చినా, బరువు బాగా తక్కువగా పుట్టినా, కుటుంబంలో పుట్టు చెవుడు ఉన్నా ఈ పరీక్ష తప్పనిసరిగా అడగండి. దగ్గరి చుట్టాల్లో పెళ్లిళ్లు జరిగిన ఇళ్లల్లో వంశపారంపర్య చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ. ఎవర్నీ తప్పు పట్టడానికి రాయడం లేదు, ముందుగా పరీక్ష చేయించుకోమని రాస్తున్నాను.

ఎక్కడ వెతకాలి?

చిన్న ఊళ్లో ఉన్నవాళ్లు ఈ వరుసలో వెతికితే తిప్పట తగ్గుతుంది.

అంగన్‌వాడీ, స్కూలు: 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ స్కూళ్లకి ఒకసారి రావాలి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలు దీని కిందకి వస్తారు. ఆ బృందం వచ్చే రోజు అంగన్‌వాడీ టీచర్‌ని అడిగి తెలుసుకుని, బిడ్డని తీసుకెళ్లి మాటల సంగతి మీరే చెప్పండి. వాళ్లు రాసే రిఫరల్ చీటీ జాగ్రత్తగా పెట్టుకోండి.

డీఈఐసీ: పూర్తి పేరు జిల్లా సత్వర చికిత్సా కేంద్రం. జిల్లా ఆసుపత్రిలోనో, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో ఉంటుంది. పిల్లల డాక్టర్, ఫిజియోథెరపిస్ట్, ఆడియాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్ అందరూ ఒకే చోట ఉండాలన్నది దీని ఉద్దేశం. సేవలు ఉచితం. మీది కొత్త జిల్లా అయి అక్కడ ఇంకా లేకపోతే పాత ఉమ్మడి జిల్లా కేంద్రంలో అడగండి. బయల్దేరే ముందు ఫోన్ చేసి "స్పీచ్ థెరపిస్ట్ ఇప్పుడు ఉన్నారా, ఏ రోజుల్లో వస్తారు" అని అడగడం మర్చిపోవద్దు. పోస్టు ఖాళీగా ఉంటే పొద్దున బస్సెక్కి సాయంత్రం ఊరికే తిరిగి రావాలి.

భవిత కేంద్రం: మండల కేంద్రాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే కేంద్రాలు. ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లల కోసం రిసోర్స్ టీచర్లు ఉంటారు. థెరపీ సేవలు కొన్ని రోజుల్లోనే ఉండొచ్చు. ఎంఈఓ ఆఫీసులో అడిగితే మీకు దగ్గర్లోది ఎక్కడో చెప్తారు.

పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు: హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ ప్రత్యేకంగా ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి. మిగతా చోట్ల మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో అడగాలి.

జాతీయ సంస్థలు: సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పేరు చూసి గుర్తుపట్టే ఉంటారు, ఉస్మానియా, అలీగఢ్ యూనివర్సిటీలకి వైస్ చాన్సలర్‌గా, మహారాష్ట్ర గవర్నర్‌గా చేసిన మన హైదరాబాదీ నవాబ్ అలీ యావర్ జంగ్ పేరే. మాట, వినికిడి లోపాల కోసం 1983లో ముంబయిలో పెట్టిన జాతీయ సంస్థ అది. అక్కడే మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం నీపిడ్ ఉంది. ఆంధ్ర వైపు వాళ్లకి నెల్లూరులో సీఆర్‌సీ ఉంది. రాయలసీమ వాళ్లలో కొందరికి మైసూరు కూడా వీలవుతుంది. 1965 నుంచి నడుస్తున్న ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ అక్కడే ఉంది, దూరంగా ఉన్నవాళ్లకి ఆన్‌లైన్‌లో కూడా సేవలు ఇస్తారు.

ఈ కోర్సు చెప్పే కాలేజీల క్లినిక్‌లు కూడా మంచి దారి. విద్యార్థులు చేస్తారు, పక్కన సీనియర్ ఉంటారు. టైమ్ ఎక్కువ ఇస్తారు, ఫీజు మామూలుగా తక్కువే ఉంటుంది.

నిజమైన థెరపిస్టేనా?

ఈ పని చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐలో పేరు నమోదై ఉండాలి. 1992 నాటి చట్టం ఇది. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ ఉంటుంది, పేరు వెతికి చూసుకోవచ్చు. క్లినిక్ గోడ మీద సర్టిఫికెట్ చూడండి, నంబర్, గడువు తేదీ చూడండి. "మీ ఆర్‌సీఐ నంబర్ చెప్తారా" అని అడగడంలో తప్పేం లేదు. నిజమైనవాళ్లు ఏమీ అనుకోరు.

ఈ మాటలు వినపడితే కాస్త ఆలోచించండి: "మూడు నెలల్లో గ్యారంటీగా మాట్లాడిస్తాం." "పరీక్ష అక్కర్లేదు, ఈ మిషన్ కొనండి." "ఏడాది ప్యాకేజీ డబ్బు ముందే కట్టండి." "తల్లిదండ్రులు లోపలికి రాకూడదు." చిన్నపిల్లల థెరపీలో అసలు పని జరిగేది ఇంట్లో. థెరపిస్ట్ ఏం చేస్తున్నారో అమ్మకి చూపించకపోతే ఇంట్లో ఎవరు చేయించాలి?

ఫోన్‌లోనే అడగాల్సినవి: ఈ వయసు పిల్లల్ని చూస్తారా? మొదటి పరీక్షకి ఎంతసేపు, ఎంత ఫీజు? రాతపూర్వకంగా రిపోర్ట్ ఇస్తారా? ఇంట్లో చేయించాల్సినవి నేర్పిస్తారా? ఉర్దూ గానీ తెలుగు గానీ వచ్చా? ఎన్ని నెలలకి ఒకసారి ప్రోగ్రెస్ చూస్తారు?

ఉర్దూ మానేయమంటే?

మన ఇళ్లకి ఇది చాలా ముఖ్యం. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, స్కూల్లో ఇంగ్లీష్, సాయంత్రం అరబీ. మాటలు లేటు అనగానే "ఇన్ని భాషలేంటి, ఇంట్లో ఉర్దూ ఆపేయండి, ఒక్కటే మాట్లాడండి" అనే సలహా వస్తుంది. స్కూలు వాళ్లు చెప్తారు, చుట్టాలు చెప్తారు, ఒక్కోసారి డాక్టర్లూ చెప్తారు. మాకూ చెప్పారు.

రెండు భాషలు వినడం వల్ల మాటల లోపం రాదు. ఈ రంగంలో పరిశోధన చేసినవాళ్లు చెప్పేది ఇదే. లోపం ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకోగలరు. ఉర్దూ ఆపేస్తే ఏం జరుగుతుంది? నానీకి తెలుగు సరిగా రాదు, ఇంగ్లీష్ అసలు రాదు. ఆమె వాడితో మాట్లాడటమే తగ్గిస్తుంది. మాటలు ఎక్కువ వినాల్సిన బిడ్డ తక్కువ వింటాడు. అమ్మ తనకి బాగా వచ్చిన భాషలో మాట్లాడటమే మేలు.

లెక్క కూడా రెండు భాషలూ కలిపి వేయాలి. ఇంట్లో 20 ఉర్దూ మాటలు, బయట 15 తెలుగు మాటలు అంటుంటే వాడికి 35 మాటలు వచ్చినట్టు. ఒక్క తెలుగులోనే చూస్తే 15 అని రాస్తారు, అసలు కంటే వెనకబడ్డట్టు కనపడుతుంది. అందుకే "ఉర్దూలో కూడా పరీక్షించండి, నేను పక్కన ఉండి చెప్తాను" అని అడగండి.

యాసని లోపం అనుకునే ప్రమాదం కూడా ఉంది. దక్కనీలో అందరూ కలమ్‌ని "ఖలమ్" అనే అంటారు, "నక్కో", "హౌ" అంటారు. అది మన మాట తీరు. అలాగే ఉర్దూ ఇంటి పిల్లాడు తెలుగులో "ళ"ని "ల" అంటే అది జబ్బు కాదు. ఇంట్లో పెద్దలు ఎలా అంటారో థెరపిస్ట్‌కి చెప్తే తేడా వాళ్లకి తెలుస్తుంది.

మొదటిసారి వెళ్లేటప్పుడు సంచిలో ఏముండాలి?

కాన్పు డిశ్చార్జ్ కాగితాలు, టీకాల కార్డు, చెవి పరీక్ష రిపోర్టులు ఉంటే అవి, ఆధార్. బిడ్డ అనే మాటలన్నీ రెండు భాషల్లోనూ రాసిన కాగితం. ఇంట్లో మామూలుగా ఆడుకుంటుండగా తీసిన రెండు మూడు నిమిషాల వీడియో, ఎందుకంటే కొత్త చోట చాలామంది పిల్లలు నోరు తెరవరు. వాడికి ఇష్టమైన ఒక బొమ్మ. అన్నిటికంటే ముఖ్యం, రోజంతా బిడ్డతో ఉండే మనిషి. అబ్బా ఒక్కరే తీసుకెళ్తే సగం ప్రశ్నలకి జవాబు ఉండదు.

ఖర్చు లెక్క

నేను బీకాం చదివినవాణ్ని, కాబట్టి లెక్క వేసి చూపిస్తా. ఇవి ఉదాహరణకి వేసుకున్న అంకెలు, మీ ఊరివి మీరు పెట్టుకోండి. వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి 500 అనుకుంటే నెలకి ఎనిమిదింటికి 4,000. బస్సు చార్జీలు ఒక్కో ట్రిప్‌కి 300 చొప్పున 2,400. పోయిన కూలి రోజుకి 600 చొప్పున 4,800. మొత్తం 11,200. అందులో థెరపిస్ట్‌కి చేరేది 4,000 మాత్రమే, మిగతా 7,200 దారిలోనే పోయింది. అందుకే చాలామంది రెండో నెలలో మానేస్తారు.

దీన్నే ఇంకోలా చేయండి. నెలకి రెండుసార్లు మాత్రం నేరుగా వెళ్లండి, రెండుసార్లు వీడియో కాల్‌లో చేయండి, మిగతా రోజులు ఇంట్లో రోజూ అరగంట. నేరుగా వెళ్లేదానికి ఫీజు 1,000, బస్సు 600, కూలి 1,200. వీడియో సెషన్లకి 1,000. మొత్తం 3,800. ఇంత తగ్గించొచ్చా లేదా అనేది బిడ్డ సమస్యని బట్టి ఉంటుంది, "ఇలా ప్లాన్ చేస్తారా" అని థెరపిస్ట్‌నే అడగండి. మానేయడం కంటే ఇది ఎంతో నయం. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కాబట్టి అమ్మ తీసుకెళ్తే చార్జీ కూడా కలిసొస్తుంది.

ప్రభుత్వ సాయం సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. వినికిడి లోపం, మాట-భాష లోపం, ఆటిజం, మేధో వైకల్యం అందులో ఉన్నాయి. చాలా పథకాలకి 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. సదరం స్లాట్ గురించి మీసేవలో అడగండి, దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డుకి స్వావలంబన్ పోర్టల్ ఉంది. ఒక్క మాట గుర్తుంచుకోండి, మాటలు లేటుగా వస్తున్న ప్రతి బిడ్డకీ సర్టిఫికెట్ రాదు, దీర్ఘకాలం ఉండే లోపానికే ఇస్తారు. సర్టిఫికెట్ లేకపోయినా థెరపీ మాత్రం మొదలుపెట్టొచ్చు, దేనికోసమూ ఆగక్కర్లేదు.

వినికిడి మిషన్లకి కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం ఉంది. బాగా చెవుడు ఉన్న చిన్నపిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఎడిప్‌లోనూ, ఆరోగ్యశ్రీలోనూ ఉంది, కానీ వయసు పరిమితి ఉంటుంది. పరీక్ష ఆలస్యమైతే ఆ గడువు దాటిపోతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, అందులో థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుంది. బిల్లులు పారేయకండి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు

టీవీ, ఫోన్ తగ్గించండి. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ ఇవ్వడం ముందుగా ఆపండి, ఎందుకంటే మాట్లాడటానికి రోజులో దొరికే మంచి టైమ్ అదే. చేస్తున్న పనిని మాటల్లో చెప్తూ ఉండండి: "రోటీ కాల్చాం. వేడి. ఫూ." వాడు "పానీ" అంటే "పానీ హోనా? ఠండా పానీ" అని ఒక మాట కలిపి తిరిగి ఇవ్వండి. అడగకముందే అన్నీ చేతికి ఇచ్చేయకండి, రెండు బిస్కెట్లు ఎదురుగా పెట్టి ఏది కావాలో అడిగి, పది లెక్కపెట్టేదాకా ఆగండి. వేలు చూపించినా, సగం మాట అన్నా ఇచ్చేయండి. చుట్టాల ముందు "సలాం చెప్పు, పేరు చెప్పు" అని పరీక్షలు పెట్టకండి.

మదర్సాలో, స్కూల్లో చెప్పేవాళ్లకి కూడా ఒక మాట. సబక్ అప్పజెప్పలేని పిల్లాణ్ని ముందు వరసలో కూర్చోబెట్టి చూడండి. అప్పుడు బాగా చెప్తే సమస్య చెవిలో ఉందేమో అని ఇంట్లోవాళ్లకి కబురు పెట్టండి. కొట్టకండి.

పెద్దవాళ్లని మర్చిపోవద్దు

పక్షవాతం వచ్చిన దాదాకి చెయ్యి, కాలు కోసం ఫిజియోథెరపీ చేయిస్తాం, మాట సంగతి వదిలేస్తాం. మాట పోవడం అంటే తెలివి పోవడం కాదు. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతున్నా పదం నోటికి రాకపోవచ్చు. డిశ్చార్జ్ అయ్యే రోజే స్పీచ్ థెరపీ గురించి అడగండి. నీళ్లు తాగితే దగ్గు వస్తుంటే మింగడం కూడా పరీక్షించమనండి, లేకపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే, ముఖ్యంగా గుట్కా, బీడీ అలవాటు ఉన్నవాళ్లు, ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి.

లోగ్ క్యా కహేంగే

ఇదంతా తెలిసినా చాలామంది వెళ్లరు. కారణం డబ్బు ఒక్కటే కాదు. "గూంగా అని పేరు పడుతుంది", "ఆడపిల్ల, రేపు సంబంధాలు ఎలా వస్తాయి" అనే భయం. మా అక్క కూడా మొదట్లో మిషన్ కనపడకుండా వాడికి టోపీ కిందికి లాగి పెట్టేది. ఇప్పుడు వాడే పొద్దున లేచి మిషన్ ఎక్కడుందని అడుగుతున్నాడు. పూర్తి మాటల్లో అడుగుతున్నాడు.

మీ బిడ్డ మాటల గురించి మనసులో చిన్న అనుమానం ఉన్నా ఈ వారం ఒక్క పని చేయండి. జిల్లా ఆసుపత్రికి ఫోన్ చేసి, చెవి పరీక్ష ఏ రోజు చేస్తారో కనుక్కోండి. పరీక్షలో ఏమీ లేదని తేలితే అల్‌హందులిల్లాహ్, పోయేది ఒక్క రోజు కూలి. ఏదైనా తేలితే, బిడ్డకి ఏళ్లు మిగిలినట్టే.